గాలి కిందికి రాదు

ఇరవై రెండేళ్లుగా ఆమె కొండ మీది నీటి గొట్టం వెంట తిరుగుతోంది. అందుకే అందరూ లైనమ్మ అంటారు. అసలు పేరు జీతం కాగితంలో ఉంటుంది, దాంతో ఎవరికీ పనిలేదు. గొట్టం పొడుగునా పదకొండు గాలి వాల్వులున్నాయి. అందులో ఒక్కటి మూసుకుపోయినా లోపల గాలి చిక్కుకుని కింద కుళాయిలు దగ్గడం మొదలుపెడతాయి. పంతొమ్మిదేళ్లు నడిచే తిరిగింది. తర్వాత ఆఫీసువాళ్లు నాలుగు బండ చక్రాల ఏటీవీ బండి ఒకటి ఇచ్చారు. రాళ్లూ బురదా ఏవీ లెక్కచెయ్యదది.

ఇలాంటి మనిషి గురించి రాస్తే 'పనే దైవం' అన్న ముక్క ఎక్కడో అతికించాలని మనకో పిచ్చి. లైనమ్మకి పని దైవమూ కాదు, దెయ్యమూ కాదు. కొండ మీద పక్కన నిలబడి సొద పెట్టేవాళ్లుండరు, కుర్చీలో గంట కూర్చుంటే నడుం పట్టేస్తుంది. కొండంటే ఇష్టపడడానికి ఇంతకన్నా గొప్ప కారణాలు అక్కర్లేదు.

ఆ కొండే చేజారిపోయేలా ఉంది.

పోయిన వారం ఏటీవీ ముందు బ్రేకుల్లో కొత్త సీళ్లు పడ్డాయి. వేసింది ఆమె మొగుడే. ఆఫీసు బండ్లన్నీ అతని షెడ్డుకే వస్తాయి. నాలుగో రోజు, ఏడో వాల్వు దగ్గర వాలులో బ్రేకు లివరు నొక్కితే తడి స్పాంజి పిండినట్టు మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. బండి మాత్రం ఆగలేదు. పక్కనున్న మట్టిగట్టుకి గుద్ది ఆపుకుంది. మోచెయ్యి గీరుకుపోయింది.

మొగుడు బండిని షెడ్డుకి తెచ్చి, లివరు నాలుగుసార్లు టపటపా నొక్కాడు. గట్టిపడింది. ఇంజనీరుకి ఫోన్ చేసి, "బ్రేకులు బాగానే ఉన్నాయి సార్. చేతిలో పట్టు తగ్గిందేమో," అన్నాడు.

ఇంజనీరు లైనమ్మని పిలిచి, "శుక్రవారం పొద్దున నా ఎదుట వాలు మీద ఆపి చూపించమ్మా. ఆపలేకపోతే బండి దిగిపో. ఆఫీసులో కాగితాలకి ముద్రలేసే కుర్చీ ఖాళీగానే ఉంది," అన్నాడు.

ఆ రోజు నుంచి మొగుడితో మాటల్లేవు. అవసరమైనవన్నీ అత్తగారి ద్వారానే. ఆవిడకి చెముడు.

గురువారం మధ్యాహ్నం షెడ్డులో ముగ్గురూ ఉన్నారు. అత్తగారు స్టూలు మీద కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతోంది.

"అత్తయ్యా, లివరు నాలుగుసార్లు కొడితేనే గట్టిపడుతోంది, మొదటి నొక్కు మెత్తగానే ఉందని మీ అబ్బాయికి చెప్పండి."

అబ్బాయి రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. అయినా ఆవిడ సూది ఆపి, "విన్నావుట్రా?" అంది.

"విన్నా. అలాగైతే లోపల గాలుంది. బ్రేకాయిలు కారట్లేదు, డబ్బా నిండుగానే ఉంది. గాలి తీయాలి. లివరు పట్టుకోమను."

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు లివరు నొక్కి పట్టుకోవాలి. రెండోవాళ్లు చక్రం దగ్గర స్క్రూ వదులుచేసి, గాలీ ఆయిలూ సన్న గొట్టం గుండా సీసాలోకి కారాక బిగించాలి. బిగించేదాకా లివరు వదలకూడదు. వదిలితే పోయిన గాలి అదే దారిన వెనక్కొస్తుంది.

అతను స్క్రూ తిప్పాడు. "ఇంకా వదలొద్దని చెప్పమ్మా!"

"వదలమంటున్నాడే," అంది అత్తగారు.

వదిలింది. సీసా నుంచి సన్న గొట్టంలోకి బుడగలు గుటగుటా పాకాయి.

"వదలొద్దంటే!"

"నాతో అన్నావా? అత్తయ్యతో అన్నావు."

ఇక తప్పలేదు. మాటలు నేరుగానే మొదలయ్యాయి, అదీ మూడంటే మూడే. నొక్కు. పట్టు. వదులు. అరగంటలో సీసా సగం నిండింది. బుడగలు ఆగాయి. లివరు మాత్రం అంతే మెత్తగా ఉంది.

"చూశావా," అన్నాడతను. "గాలి లేదు. మరి చెయ్యే..."

ఆమె వినిపించుకోలేదు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని లోపలికి చూస్తోంది. గాలి తీసే స్క్రూ నేలచూపులు చూస్తోంది.

"ఏమయ్యా, మా గొట్టం మీద గాలి వాల్వు ఎక్కడ పెడతారు? మెట్ట మీదా, పల్లంలోనా?"

"మెట్ట మీదే. గాలి పైకేగా పోయేది."

"మరి దీని వాల్వు పల్లంలో ఉందేం?"

అతను వంగి చూశాడు. లేచి రెండో చక్రం దగ్గరికెళ్లి అక్కడా వంగాడు. అదీ అంతే. తీస్తున్నది కింది ఆయిలు. గాలి పైన హాయిగా కూర్చుంది.

"చక్రాన్ని పట్టి ఆపే కాలిపర్ ఎడమది కుడికి పడింది," అన్నాడు మెల్లగా. "కుడిది ఎడమకి. అందుకే స్క్రూలు తలకిందులయ్యాయి."

"వాటంతటవే పడ్డాయా?"

"నేనే వేశాను."

"విన్నారా అత్తయ్యా?"

"నాకు వినపడి చావదు గదా," అంది ఆవిడ, దారం కొరుకుతూ. "ఏదీ, గట్టిగా చెప్పరా."

గట్టిగానే చెప్పాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఇంజనీరుకీ ఫోన్ చేసి చెప్పాడు.

కాలిపర్లు రెండూ విప్పి ఎవరి చోటు వాళ్లకిచ్చాడు. స్క్రూలు ఆకాశం చూశాయి. నొక్కు, పట్టు, వదులు. ఈసారి బుడగలు దండలా వచ్చాయి. సాయంత్రానికి లివరు మొదటి నొక్కుకే సగంలో రాయిలా ఆగింది.

శుక్రవారం ఇంజనీరు వాలు మీద ముగ్గుతో గీత గీయించాడు. లైనమ్మ మీదనుంచి వచ్చి, రెండు వేళ్లతో నొక్కి, గీతకి జానెడు ముందే ఆపింది. "ఇంకోసారి," అన్నాడు. ఆపింది. మూడోసారి ఆయనే నవ్వేశాడు.

"చేతిలో పట్టు బాగానే ఉందే!"

"ఎప్పుడు పోయింది సార్? తలకిందులైంది బ్రేకు."

ముద్రల కుర్చీ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. ఆమె అటునుంచటే కొండెక్కింది. వారంగా చూసేవాళ్లు లేక ఏడో వాల్వు బిగుసుకుపోయింది. రెంచితో రెండు తిప్పులు తిప్పితే బుస్సుమంది. దిగేటప్పుడు అదే మట్టిగట్టు దగ్గర ఆగి ఫోన్ తీసింది.

"నొక్కావా?" అన్నాడు మొగుడు, హలో కూడా అనకుండా.

"నొక్కా."

"ఆగిందా?"

"ఆగబట్టేగా ఫోన్ చేస్తున్నా!"