లీవు పెట్టని దొర

కరోనాకు ముందు ఏడాది నేను పీణ్య ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక అమెరికా కంపెనీ ఫౌండ్రీలో, ఫెట్లింగ్ సెక్షన్‌కు ఫోర్‌మన్‌ని. పోత పోసిన వాల్వుల అంచుల్లో మిగిలే ఇనుమును గ్రైండర్‌తో గీకి తీసేయడమే ఫెట్లింగ్. నడుము వంచి చేసే పని. ఎవరినైనా కూర్చునే పనికి, అంటే ఇన్‌స్పెక్షన్ బల్లకు మార్చాలంటే ఫోర్‌మన్ ఒప్పుకోవాలి. దాన్ని లైట్ డ్యూటీ అంటాం.

కొత్తగా చేరినవాళ్ళకు కంపెనీ పెట్టినాయన కథ చెప్పడం కూడా నా పనే. గేటు లోపల ఆయన పటం ఉండేది. మేమంతా ఆయన్ను దొర అనేవాళ్ళం. పందొమ్మిదో శతాబ్దం మనిషి. కమ్మరి కొడుకు. నాగలి కర్రులు పోతపోసి షావుకారైనాడు, ఆమీద ఎలక్షన్లో గెలిచి వాళ్ళ రాష్ట్రం సభకు పోయినాడు. ఇదంతా నా ముందరి ఫోర్‌మన్ నోట విన్నదే. పటం కింద ఇంగ్లీషులో ఏం రాసుందో నాకు తెలీదు. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటినాక, అదీ తెలుగు, కొంచెం కన్నడ. 'ఒక్కరోజు కూడా లీవు పెట్టలేదు' అన్న మాట మాత్రం నేను కలిపింది. చెప్పీ చెప్పీ నేనే నమ్మేసినా.

మా సెక్షన్లో మునిరత్నం అని కోలారు పక్కవాడు, గ్రైండింగ్‌లో మంచి చెయ్యి. ఒకరోజు గోడ పట్టుకుని వచ్చినాడు.

"అన్నా, నడుము పట్టేసుండాది. డాక్టరు వంగొద్దన్నాడు. ఇన్‌స్పెక్షన్‌కు వెయ్యన్నా."

మంచి పనివాడు చెయ్యి జారిపోతాడని నా బాధ. "ఆ దొర ఎప్పుడన్నా లీవు పెట్టినాడేమప్పా? నీదొక్కటేనా నడుము?" అన్నా. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. అతను పోయి మళ్ళీ గ్రైండర్ పట్టుకున్నాడు.

ఆ నెలలోనే దొర మునిమనవడు, ముసలాయన, ఫ్యాక్టరీ చూడను వచ్చినాడు. అందరినీ నిలబెట్టి, మేనేజరు నన్ను కథ చెప్పమన్నాడు. హూడిలో ఉండే మా కంపెనీ ఆఫీసు నుంచి వచ్చిన తెలుగమ్మాయి ఆయనకు ఇంగ్లీషులో చెప్తూ ఉంది. లీవు మాట వినగానే ఆయన పగలబడి నవ్వినాడు. ఆయన ఎందుకు నవ్వినాడో ఆ అమ్మాయి మాకు తెలుగులో చెప్పింది. దొర ఇనుప దిమ్మె ఎత్తబోయి నడుము పోగొట్టుకుని, ఏడాది మంచం దిగలేదంట. ఫ్యాక్టరీ నడిపింది తమ్ముడంట. చూడవచ్చిన ఊరోళ్ళతో మాట్లాడీ మాట్లాడీ, ఆ మంచం మీద నుంచే ఎలక్షన్‌కు నిలబడినాడంట.

వెనక వరస నుంచి మునిరత్నం గొంతు వినిపించింది. "అట్లయితే నన్నూ నిలబెట్టన్నా. మంచం నా దగ్గరా ఉండాది."

షెడ్డంతా నవ్వింది. నేను ఆ వరస దిక్కు చూసినా. అతను నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే అతన్ని బల్ల దగ్గరికి మార్చినా. అప్పటికే నొప్పి ముదిరి, స్టూలు మీద కూడా కూర్చోలేకపోయినాడు. వాల్వు రంధ్రంలో గేజు పెట్టి కొలిచే ఆ పనిని నిలబడే చేసినాడు. నన్ను మాత్రం మళ్ళీ ఏదీ అడగలేదు.

నొప్పి అని వచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టాలి, ఆమీదే ఏదన్నా మాట్లాడాలి. ఫోర్‌మన్ పనిలో అది మొదటి పాఠం. నాకు అక్షరాలకన్నా ఆలస్యంగా వచ్చింది.