గడపకొక మేక

పక్కింటి వదిన పోయిందని నాకెవరూ కబురు చెప్పలేదు. పొద్దెక్కినా వీధి పొడుగునా మేకలు గుంజల దగ్గరే అరుస్తుంటే వెళ్లి చూశాను. నిద్రలోనే వెళ్లిపోయింది.

మాది కంబదూరు దగ్గర పల్లె. వేరుశనగ ఎండిన ఏడు మా వీధి వీధంతా బెంగుళూరికి కట్టడం పనులకు పోతుంది. పేపర్లవాళ్లు దీన్ని వలస అంటారు. మావాళ్లు ఆ మాటే అనరు. సంతకు పోయినట్టు 'పోయొస్తాం' అంటారు. పేపర్లంటే గుర్తొచ్చింది, బడికి పోని నేను నాలుగక్షరాలు నేర్చింది పాత పేపర్ల మీదే. వాటిలో సగం వదిన మేపే మేకలు నమిలేశాయి. "నీకంటే అవే బాగా సదువుతాండాయి మరిదీ" అని నవ్వేది.

ఆ మేకలు ఆమెవి కావు. బెంగుళూరికి పోయేవాళ్లు అప్పగించినవి. పగలంతా మేపి, సాయంత్రం తన దొడ్లో కట్టేసుకునేదా? లేదు. ఏ ఇంటి మేకను ఆ ఇంటి ముందే, తాళం వేసిన తలుపు దగ్గరే కట్టేది. ఆ ముసలికాళ్లతో ఇంటింటికీ నీళ్లు మోసేది, పొద్దున్నే వాకిళ్లలో మేక పెంటికలు ఊడ్చేది.

"అన్నీ ఒకచోట కట్టేస్తే సులువు గదా వదినా?" అన్నాను.

"సులువేనప్పా. ముందర జీవం లేకుంటే ఇల్లు పాడు పడతాది. మేక ఉంటే దాని కోసమన్నా వస్తారులే."

నిజంగానే వచ్చేవారు. ఒక వాన పడిందంటే చాలు, పిల్లలు బస్సు దిగి ముందు మేక మెడ పట్టుకునేవారు. ఇంటి తాళం తర్వాతే. మా వీధి ఇన్నేళ్లు వీధిలా ఉందంటే ఆమె చలవే.

ఈమధ్య రావడం తగ్గింది. ఫోన్లు ఎక్కువైనాయి.

"అత్తా, మేకను అమ్మేసి దుడ్లు పంపియ్."

"సూడిదిరా, ఈనినాక సూద్దాం."

ఆమె లెక్కన మా వీధి మేకలు ఏడాది పొడుగునా చూడివే. ఒకసారి మేకపోతును కూడా చూడిదనే చెప్పింది.

ఆమెను సాగనంపడానికి అందరూ వచ్చారు. ఒక్క తాళమూ మిగల్లేదు. దినాలయ్యాక మేకల మాట వచ్చింది. "నువ్వు సూసుకోన్నా" అన్నారు. కర్ర లేనిదే లేవలేని నేను వాటి వెనక ఎక్కడ తిరగను? బెంగుళూరు రేకుల షెడ్డుల్లో మనుషులకే చోటు లేదు. చివరికి వ్యాపారి బండి వచ్చింది. ఎవరి మేకను వాళ్లే విప్పి ఎక్కించారు. ఒక కోడలుపిల్ల ఖాళీ తాడు చేతికి చుట్టుకుంటూ, "ఇంగ దేనికి వస్తామన్నా ఈడికి?" అంది. అంతలోనే బస్సు హారన్ వినపడింది.

మరునాడు పొద్దున, వదిన పని ఒకటైనా చేద్దామని చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చాను. వాళ్లు పోతూ పోతూ ఎవరి వాకిలి వాళ్లు ఊడ్చి, నీళ్లు చల్లి, తాళాలేసుకున్నారు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నేల తళతళలాడుతోంది. ఎక్కడా ఒక్క పెంటిక లేదు.