శ్రుతి చీటీ

తొమ్మిదేళ్ళుగా ఒక చిన్న అంకె నా గుండె మీద కూర్చుని ఉంది. నాలుగు. దాన్ని రాసిన చెయ్యి నాదే. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. యాభై ఏళ్ళుగా రోజూ రాసుకుంటున్న డైరీకీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

కాలువల శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఖాళీగా కూర్చోవడం చేతగాక, నరసరావుపేటలో పద్యనాటకాలాడే ఒక చిన్న సమాజంలో చేరాను. అందరం సరదాకి పాడేవాళ్ళమే. పద్యం ఎత్తుకుని రాగం తీస్తే, జనానికి నచ్చితే ‘వన్స్ మోర్’ అని అరుస్తారు. అప్పుడు మళ్ళీ పాడాలి. ఆ అరుపు కోసం ఎంత ఆశపడ్డానో! ఏడాది పాటు తెల్లవారుజామునే లేచి సాధన చేశాను. ఏ రోజు ఎంతసేపు పాడానో, ఎక్కడ అపస్వరం పలికిందో అన్నీ రాసిపెట్టుకున్నాను.

అదే సమాజంలో మస్తాన్ ఉండేవాడు. మా వీధి చివర స్కూటర్ల మెకానిక్కు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. సాధనా లేదు, గీధనా లేదు. గ్రీజు చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి ఒక్క పద్యం పాడేవాడు. గదిలో మాటలు ఆగిపోయేవి. రాజు వేషం అతనికిచ్చారు. నాకు మంత్రి వేషం, రెండే పద్యాలు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. హార్మోనిస్టు పొరుగూరి నుంచి ప్రదర్శన రోజే వస్తాడు. ఎవరు ఏ శ్రుతిలో పాడతారో చీటీ రాసి ఆయన ముందు పెడతారు. నా దస్తూరి బాగుంటుందని ఆ పని నాకప్పగించారు. మస్తాన్ శ్రుతి మూడు; అంకె పెరిగితే గొంతు అంత పైకి ఎత్తాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ ఏడాది నాటక పోటీల రోజు మధ్యాహ్నం, మేకప్ గదిలో కూర్చుని, నాలుగు అని రాశాను.

పొరపాటున రాశానా? ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నను అటు తిప్పీ ఇటు తిప్పీ నన్ను నేను తప్పించుకోవాలని చూశాను. కాదు. కావాలనే రాశాను. అతని గొంతు పగలాలని కోరుకున్నానా, కాస్త తడబడితే చాలనుకున్నానా? ఆ తేడా ఇప్పుడెవరికి కావాలి?

పెరిగింది ఒక్క మెట్టే. వేదిక మీది హడావుడిలో మస్తాన్‌కు తెలియలేదు. మొదటి రెండు పద్యాలూ గట్టెక్కాడు. మూడోదానిలో రాగం పైకి తీసుకెళ్ళి, ఎప్పుడూ సునాయాసంగా నిలబడే చోట గొంతు చీలిపోయింది. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ చీలింది. వెనక నుంచి ఈల. ఎవరో ‘ఇక దిగవయ్యా’ అన్నారు. నేను మంత్రి తలపాగాతో పక్కనే నిలబడి ఉన్నాను. ఆ రోజు డైరీలో ‘మస్తాన్ గొంతు పట్టేసింది’ అని రాసుకున్నాను. అందులో నేను రాసిన మొదటి అబద్ధం అది.

ఆ తర్వాత అతను పాడలేదు. రాజు వేషం నాకొచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్క వన్స్ మోర్ వినలేదు.

నాకిప్పుడు ఆయాసం. ఈ ఏడాదికి రాజు వేషం వేయమని మావాళ్ళు మస్తాన్‌నే అడిగారు. పోయిన గొంతుతో ఏం పాడతానన్నాడట. ఆ మాట విన్నాకే అర్థమైంది. నేను చెడగొట్టింది ఒక ప్రదర్శనను కాదు, తన గొంతు మీద ఆ మనిషికున్న నమ్మకాన్ని. దాన్ని తిరిగివ్వగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

నిన్న ఉదయం అతని షెడ్డుకు వెళ్ళాను.

“ఏంది బాబాయ్, మళ్ళీ స్టార్టింగ్ ట్రబులా? ఆ డొక్కు అమ్మెయ్యమంటే ఇనవు గదా!”

“బండి కాదు మస్తానూ. ఆ రోజు నీ గొంతు పోలేదు. చీటీలో నీ శ్రుతి నాలుగని రాసింది నేను. కావాలనే రాశా.”

స్పానరు కింద పెట్టాడు.

“అంటే, నా గొంతుకేమీ గాలా?”

“ఏమీ కాలేదు.”

“తొమ్మిదేళ్ళు బాబాయ్! డాక్టరుక్కూడా జూపిచ్చుకున్నా. మా ఇంటిదాని ముందు గూడా కూనిరాగం తియ్యలా. ఏం మనిషివయ్యా నువ్వు!”

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

“అది మటుకు అడగమాక. ఎల్లు.” నేను గుమ్మం దాటబోతుంటే మళ్ళీ పిలిచాడు. “వేషం ఏస్తానని మనోళ్ళకి నేనే జెప్పుకుంటా. ఆ రోజు నువ్వు ముందు వరసలో గూర్చోమాక. నీ మొహం జూస్తే పాడలేను.”

సరేనన్నాను. చీటీ సంగతి సమాజంవాళ్ళకు కూడా నా నోటితోనే చెప్పాలి. చెబుతాను. మస్తాన్ నన్ను క్షమించలేదు, క్షమిస్తాడని ఎదురుచూసే హక్కూ నాకు లేదు. అయినా ఇంటికొచ్చే దారిలో, చాలా ఏళ్ళ తర్వాత, ఎదురైనవాళ్ళ ముఖాల్లోకి సూటిగా చూస్తూ నడిచాను.

ప్రదర్శన రోజున హాలు తలుపు దగ్గర, అందరి వెనకా నిలబడతాను. ఆ గొంతు అక్కడిదాకా వస్తుంది.