మైనంలో పెట్టిన మెట్లు

పోయిన వారం మా అమ్మాయి ఫోనులో ఒక బేస్ గిటార్ ఫొటో పంపి, కొనాలా వద్దా నీ ఒపీనియన్ చెప్పు నాన్నా అని అడిగింది. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ సెలవురోజుల్లో స్నేహితులతో కలిసి వాయించుకుంటుంది లెండి, నా పిచ్చి దానికీ అంటింది. ఆ గిటార్ చేసినాయన ఏడాదికి పట్టుమని పది కూడా చేయడట, ఒక్కొక్కటీ చేత్తోనే చెక్కుతాడట. కింద ఎవరెవరో రాసిన అభిప్రాయాలు చాంతాడంత ఉన్నాయి. ఒకాయన గిటార్ మెడ బరువన్నాడు, ఒకావిడ నాదం గుండెకి తగులుతోందంది, ఇంకొకాయన దీనికన్నా ఫ్యాక్టరీ సరుకే నయమని తీసిపారేశాడు. నవ్వుకుంటూ చదువుతున్నవాణ్ణి, ఒళ్ళంతా పనసచెక్కతో చేశారన్న మాట దగ్గర ఆగిపోయాను.

నలభై ఏళ్ళ కిందట నూజివీడులో మా మేనమామ నాకు పనసచెక్కతోనే ఒక బేస్ గిటార్ చేసిపెట్టారు.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కాస్త కలిగినవాళ్ళ పెళ్ళంటే ఆర్కెస్ట్రా ఉండవలసిందే. అలాంటి ఒక ఆర్కెస్ట్రాలో నేను బేస్ వాయించేవాణ్ణి. నాలుగే లావుపాటి తీగలుండే ఆ గిటార్‌ని జనం పట్టించుకోరు గానీ, అది ఆగిందంటే పాట చతికిలబడుతుంది. నాది అద్దె గిటార్. దాని సొంతదారు సరిగ్గా వేసవి ముహూర్తాల ముందు వెనక్కి పట్టుకుపోయాడు. సొంతది తెచ్చుకో, లేదా మరొకణ్ణి చూసుకుంటానని మా ఆర్కెస్ట్రా యజమాని తేల్చేశాడు. ఆ పని పోతే మామిడితోటల్లో కాపలా తప్ప నాకు మరో దారి లేదు. మామయ్య వీణలు చేసేవారు కనుక వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను.

ఆయన బేస్ గిటార్‌ని కంటితో చూసి ఎరుగరు. అయినా వీణ కోసం ఏళ్ళ తరబడి ఆరబెట్టుకున్న పనసదుంగని నా కోసం కోశారు. కొలతలు నేను కాగితం మీద గీసిచ్చాను, కరెంటు సామానూ తీగలూ విజయవాడలో పాతవి దొరికాయి. చెక్కుతూ చెక్కుతూ ఆపి, వేలి కణుపుతో చెక్కని తట్టి, చెంప ఆనించి వినేవారు. ఒక మధ్యాహ్నం నేను బస్సు కోసం పరుగెత్తుతుంటే వెనక నుంచి కేకేసి, మెట్లు మైనంలోనే కదరా పెట్టేది అని అడిగారు. వీణకి అంతే, మసి కలిపిన మైనం పరిచి, తీగ నొక్కే చోట్ల ఉండే ఇత్తడి మెట్లు అందులో కూరుస్తారు. గిటార్‌కి అలా కాదు, చెక్కకే గాట్లు పెట్టి బిగించాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఆయన అడిగింది బుర్రకెక్కించుకోకుండానే, "ఆ, అంతే అంతే, త్వరగా కానీ మామయ్యా" అనేసి బస్సెక్కాను. మేం వాయించాల్సిన మొదటి పెళ్ళికి ముందురోజు గిటార్ చేతికొచ్చాక ఆ మైనం చూసి గుండె జారింది గానీ, స్వరాలు చక్కగా పలుకుతున్నాయి కదా, ఏం కాదులే అనుకున్నాను.

పెళ్ళి మైలవరంలో. మే నెల, మిట్టమధ్యాహ్నం, రేకుల పందిరి. మామయ్య ఉతికిన లాల్చీ వేసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. రెండో పాటకే మైనం మెత్తబడి, మెట్లు నా వేళ్ళ కింద పక్కకి జరిగిపోయాయి. పాడే ఆవిడ శ్రుతి దొరక్క ఆపేసింది, మగపెళ్ళివారు పగలబడి నవ్వారు, యజమాని కొరకొరా చూశాడు. నేను మైకు అందుకుని, "నా తప్పేం లేదండీ, గిటారంటే ఏంటో తెలియని మా మామయ్య చేశాడు" అన్నాను. ఆయన లేచి వచ్చి, గిటార్ నా భుజం మీంచి తీసుకుని, కండువా కప్పి బస్టాండు వైపు నడిచారు. నువ్వే కదరా చెప్పావని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను బాగుపడేవాణ్ణి.

పని ఎలాగూ పోయింది. విజయవాడలో ఒక కొట్లో గుమాస్తాగా కుదురుకున్నాను. మొహం చెల్లక మామయ్య ఇంటి గడప తొక్కలేదు, పెళ్ళిళ్ళలో ఎదురుపడినా ఆ ఊసెత్తలేదు.

ఫొటో చూసిన రోజు అత్తయ్యకి ఫోన్ చేస్తే, ఆయన పది రోజులుగా మంచం మీదే ఉన్నారనీ, గంజి తప్ప దిగడం లేదనీ చెప్పింది. మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. హనుమాన్ జంక్షన్ దగ్గర మామిడికాయల లారీలు అడ్డంపడి బస్సు కదలదు. దిగి పరుగెత్తుదామా అనిపించింది. దేవుడా, ఒక్క గంట ఆగు అని ఎన్నిసార్లు అనుకున్నానో.

మంచం పక్కన కూలబడి, "తప్పు నాది మామయ్యా, మైనమని నేనే అన్నాను" అన్నాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏంటీ?" అన్నారు. అరిచాను. మళ్ళీ "ఏంటీ?" అన్నారు.

"పిడుగు పడ్డా వినపడదురా ఆయనకి, మూడేళ్ళయింది" అంది అత్తయ్య. అంటూనే గోడకి తగిలించిన గుడ్డసంచి దించి విప్పింది. అదే గిటార్. మైనం లేదు. మెట్లన్నీ చెక్కలో గాట్లు పెట్టి బిగించి ఉన్నాయి. "ఆ పెళ్ళయిన వారానికే బెజవాడ వెళ్ళి, కొట్లో గిటార్లు చూసొచ్చి మార్చేశారు. వాడొస్తాడు, వాడికివ్వాలి అని తుడిచి పెట్టేవారు. నువ్వొస్తేగా!"

నాలుగు తీగల్లో తుప్పు పట్టిన ఒక్క తీగ మిగిలింది. మామయ్య సైగ చేస్తే ఆయన పక్కన ఆనించి మీటాను. చెక్కకి చెంప ఆనించి కళ్ళు మూసుకున్నారు. తరువాత నా వైపు తిరిగి, "ఎలా ఉందిరా?" అన్నారు. నేను భోరుమన్నాను. ఆ ఏడుపు చూసి ఆయన మొహం చిన్నబోయింది.

"బాగాలేదా? పోన్లేరా, ఇంకోటి చేద్దాం."

ఈ రోజుల్లో ఒక్క గిటార్‌కి వందమంది అభిప్రాయాలు రాస్తారు, చేసినవాడు చదివి దులుపుకుంటాడు. మా రోజుల్లో ఒక్కటి చాలు, నేను మైకులో అన్న ఆ మాటతో మామయ్య ఆ తరువాత మరో గిటార్ చేయలేదు. మా అమ్మాయికి నేనింకా జవాబివ్వలేదు, ముందు మామయ్యకి ఇవ్వవలసిన జవాబు ఒకటి మిగిలిపోయింది. ఇందాకే వెళ్ళి నాలుగు కొత్త తీగలు కొనుక్కొచ్చాను. రేపు మొదటి బస్సుకి మళ్ళీ నూజివీడు వెళుతున్నాను. చెవి వినకపోయినా ఆ చెంపకి ఇంకా వినపడుతుందేమో, బాగుంది మామయ్యా అని నేను అరిచి చెప్పలేకపోయింది ఆ చెక్కే చెబుతుందేమో చూడాలి.