చేరవేత పేజీలో జములమ్మ మాటలు

బిజినేపల్లి చౌరస్తా నుంచి నాగర్‌కర్నూల్ రోడ్డు పట్టి కొంచెం ముందుకు పోతే ఎడమచేతి పక్క ఒక మోటరు వైండింగు దుకాణం ఉంటుంది. దాని వెనక ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని పనిచేసుకునే ప్రేమ్ కుమార్‌ను చూస్తే ఇతను ఘనకార్యాలు చేసినవాడని ఎవరూ అనుకోరు. చేశాడు. చేసినవి చెప్పుకోవాలి. చెప్పుకోకపోవడంలో గొప్పతనం ఏమీ లేదు.

వనపర్తిలో విత్తనాలు అమ్మే షావుకారు వెబ్‌సైటు ఇతను కట్టిందే. గద్వాలలో చీరలు నేసే ఒక కుటుంబానికి ఇతను చేసిచ్చిన పేజీలో కొంగు మీద వేలు పెట్టి లాగితే జరీ పోగులు లెక్కపెట్టుకునేంత పెద్దగా కనిపిస్తాయి. నాగర్‌కర్నూల్‌లో ఒక కోచింగు సెంటరు ఫలితాలు పెట్టిన రోజు జిల్లా పిల్లలందరూ ఒక్కసారే వచ్చి మీద పడ్డా ఆ సైటు కూలలేదు. హైదరాబాదులో పెద్ద పెద్ద అద్దాల మేడల్లో కూర్చున్నవాళ్ళ సైట్లు అలాంటి రోజున పడిపోవడం మనం చూశాం.

ఇవన్నీ ఒక ఎత్తు, అతని రాతలు ఒక ఎత్తు. వెబ్‌సైట్లు కట్టే పనిముట్ల గురించి, బ్లాగులు పెట్టుకునే వేదికల గురించి డిగ్రీ చదివే రోజుల నుంచీ తెలుగులో రాస్తూ వచ్చాడు. ఏ పనిముట్టు దేనికి పనికొస్తుంది, ఎక్కడ మొండికేస్తుంది, మొండికేసినప్పుడు ఏం చెయ్యాలి. అంతే, అంతకు మించి ఒక్క ముక్క రాయడు. మొదట ఊరికే దొరికే బ్లాగులో రాశాడు. తర్వాత సైటుకు సొంత పేరు కొనుక్కుని, సర్వరులో జాగా అద్దెకు తీసుకుని వర్డ్‌ప్రెస్‌లోకి మారాడు. దానికి తగిలించిన ప్లగిన్లు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటుంటే విసిగి, అన్నీ ఊడబెరికి సాదా ఫైళ్ళలోకి మారాడు. మారిన ప్రతిసారీ ఎందుకు మారాడో, ఎలా మారాడో రాశాడు. పాలిటెక్నిక్ పిల్లలు అవి చదివి పని నేర్చుకున్నారు.

"బాడుగిండ్లు మార్సినట్టు మారుస్తున్నవేందిరా, ఒక్కతాన నిల్వవా?" అనేది వాళ్ళమ్మ జములమ్మ.

జములమ్మది గద్వాల అవతల, కన్నడ సరిహద్దు మీది ఊరు. పెండ్లయి ఇటు వచ్చి ముప్పై ఏండ్లు దాటినా "సాలు" అనాల్సిన చోట కన్నడంలో "సాకు" అనేది. చదువు రాదు. మాట మాత్రం ఆగేది కాదు.

ఆ మాట ప్రేమ్ పనిలోకి ఎలా వచ్చిందో చెప్పాలి. సైటు కట్టేటప్పుడు అందులో పెట్టాల్సిన సంగతులు యజమానులు ఒక పట్టాన ఇవ్వరు. "నువ్వు ముందల కట్టు, మేం తర్వాత రాసిస్తం" అంటారు. అప్పటిదాకా ఖాళీ డబ్బాల్లో ఏదో ఒక రాత నింపి చూసుకోవాలి. దాన్ని నమూనా పాఠం అంటారు. అందరూ అర్థం లేని లాటిన్ మాటలు నింపుతారు. తెలుగు సైటుకు అది పనికిరాదు. మన అక్షరం కింద ఒత్తు వేలాడుతుంది, పైన గుడి లేస్తుంది. పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడికి తగిలితే లాటిన్‌లో ఏం తెలుస్తుంది? కాబట్టి తెలుగే కావాలి. మొదట్లో పేపరు ముక్కలు చూసి కొట్టేవాడు. ఒకనాడు జములమ్మ గడప దగ్గర నిలబడి తిడుతుంటే, వేళ్ళు ఎలాగూ మీటల మీదే ఉన్నాయి కాబట్టి, చెవిన పడ్డది పడ్డట్టు కొట్టేశాడు. ఒత్తులు, గుడులు, దీర్ఘాలు అన్నీ వచ్చాయి. అప్పటి నుంచి అదే అలవాటయింది. ఆమె తిట్టడం, ఇతను కొట్టడం.

"ఏం రాస్తున్నవ్‌రా, నేన్ మాట్లాడుతుంటే?"

"పనే అమ్మా."

సైటు అప్పగించే ముందు నమూనా పాఠం మొత్తం తీసెయ్యాలి, వెనక దాగి ఉండే పాత ప్రతులు కూడా తుడిచెయ్యాలి అని తన రాతల్లో గట్టిగా రాసినవాడు ప్రేమే. రాసిందాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. విత్తనాల షావుకారు సైటులోంచి, చీరల సైటులోంచి, కోచింగు సెంటరు సైటులోంచి జములమ్మ మాటలన్నీ ఏ ఆనవాలూ లేకుండా తుడిచాడు.

పోయిన వానకాలంలో ఆమెకు గుండెల్లో నొప్పి వచ్చింది. పాలమూరు దవాఖానలో చేర్చారు. కొల్లాపూర్ మామిడి రైతుల సంఘం సైటు అప్పుడే ముగింపుకు వచ్చి ఉంది. వార్డు బయట బల్ల మీద లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని దాన్ని పూర్తిచేసి అప్పగించాడు. ఆ వారంలోనే జములమ్మ పోయింది.

దినాలయిన మర్నాడు ప్రేమ్ మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నాడు. గుండె గట్టిది పిల్లగాడిది అన్నారు చుట్టాలు. గట్టిదో మెత్తదో అతనికే తెలియదు. ఆకలి లేకపోయినా వేళకు తిన్నాడు, నిద్ర రాకపోయినా పడుకున్నాడు, వచ్చిన పని వచ్చినట్టు చేసిచ్చాడు. రాతలు ఆపకపోగా ఇంకా ఎక్కువే రాశాడు. వాటిని చదివినవాళ్ళకు ఏ తేడా కనిపించలేదు. ఏడుపు రాలేదు. అమ్మ ఎలా మాట్లాడేదో గుర్తుచేసుకుందామని ఒకటి రెండుసార్లు ప్రయత్నం చేశాడు. మాట్లాడినట్టు గుర్తుంది, మాటలు గుర్తు రాలేదు. ఫోనులో ఫోటోలున్నాయి. గొంతు లేదు. ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు ఒకరికొకరు వాయిస్ మెసేజీలు పంపుకోరు గదా.

మామిడి కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం తండ్రి నర్సింహులుకు టిఫిను డబ్బా ఇవ్వడానికి ప్రేమ్ ముందు దుకాణంలోకి పోయాడు. నర్సింహులు రాగి తీగ చుడుతూ, మోటర్లు తెచ్చిన ఇద్దరు రైతులకు తన కథ చెబుతున్నాడు. ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివినవాడు, ఈ మండలంలో తన చెయ్యి పడని బోరు మోటరు లేదని పేరు తెచ్చుకున్నవాడు. గణతంత్ర దినం నాడు అధికారులు పిలిచి శాలువ కప్పినవాడు. ఆ శాలువ దగ్గరికి కథ వచ్చేసరికి ఫోను మోగింది. చేతులకు గ్రీజు ఉందని స్పీకరు పెట్టాడు.

కొల్లాపూర్ నుంచి మామిడి సంఘం పెద్ద కృష్ణయ్య. నర్సింహులుకు పాత దోస్తు. ఆ దోస్తీతోనే సైటు పని ప్రేమ్‌కు వచ్చింది.

"నర్సన్నా, నీ కొడుకేం కట్టిండే మాకు? హైదరాబాద్‌ల ఎవరో పండ్లు బుక్ జేద్దమని సూస్తే, పండ్లు ఎన్ని దినాలకొస్తయి అని రాయాల్సిన తాన ఉల్లిగడ్డ లేదని ఉన్నదంట! ఫోన్ జేసి అడుగుతుండు, మీరు మామిడిపండ్లమ్ముతరా ఉల్లిగడ్డలమ్ముతరా అని."

రైతులు నవ్వారు. నర్సింహులూ నవ్వాడు. "ఏం ముచ్చటనే అది? సదువు జర."

"సదువుతున్న ఇను. పైన పెద్ద అక్షరాలతోని చేరవేత నిబంధనలు అని ఉంది. కింద ఏమో... 'గా డబ్బాల మొకం బెట్టుకోని కూసుంటే కడుపు నిండుతదా? రొట్టె సల్లారిపాయె. ఉల్లిగడ్డ లేదు, మిరపకాయ లేదు. మీ నాయినకు జెప్తే శాలువ గప్పిన కత జెప్తడు. శాలువతోని కూర వండుదునా? సాకు సాకు. ఊరందరి మోటర్లు తిప్పుతడంట, మనింట్ల ఫ్యాను మాత్రం తిరగదు...' ఎవరో ఆడామె మొగని తోలు దీస్తుంది నర్సన్నా! ఇంకా శానా ఉంది, సదవమంటవా?"

రైతుల్లో ఒకాయన పడీ పడీ నవ్వి, నర్సింహులు మొహం చూసి ఆపేశాడు. రాగి తీగ చుట్టలోంచి జారి కింద పడింది. నర్సింహులు దాన్ని తీయలేదు. ప్రేమ్ డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎనిమిది నెలల నుంచి గుర్తురాని మాటలు కృష్ణయ్య గొంతులోంచి వరసగా వస్తున్నాయి. ఏమైనా అనిపించాలి గదా అనుకున్నాడు. ఏమీ అనిపించలేదు. దవాఖాన బల్ల మీద ఆ ఒక్క పేజీ చూసుకోకుండా అప్పగించానన్న సంగతి మాత్రం తట్టింది.

"కాకా, నేను ప్రేమ్‌ను," అన్నాడు. "అది నా తప్పే. తీసేస్త."

"పొద్దుగూకే లోపల తియ్యి బిడ్డా. రేపటి సంది బుకింగులు. ఊకె నవ్వులపాలు గావొద్దు."

ఫోను పెట్టాక నర్సింహులు రైతుల వైపు చూడకుండానే అన్నాడు. "తీసుడు గాదు. చెరిపెయ్. యాడ గూడ ఉండొద్దు. నలుగురు నవ్విండ్రు."

ప్రేమ్ ఇంట్లోకి వచ్చి ఆ పేజీ తెరిచాడు. కృష్ణయ్య చదివింది సగమే. కింద ఇంకా ఉంది. వాన గురించి, పక్కింటి మేక గురించి, మధ్యలో ఒక చోట ఏ సంబంధమూ లేకుండా "తిన్నవా?" అని. మిగతా సైట్లన్నీ తన చేత్తోనే శుభ్రంగా తుడిచాడు. పాత ప్రతులు కూడా లేవు. ఆమె నోటి మాట అంటూ లోకంలో ఇంక ఎక్కడైనా ఉందంటే మామిడిపండ్లు ఎన్ని దినాలకు వస్తాయో చెప్పాల్సిన ఈ పేజీలోనే.

అక్షరాలన్నీ పట్టి ఒక ఫైలులోకి నకలు తీసుకున్నాడు. కృష్ణయ్య పంపిన నిబంధనలు ఆ చోట పెట్టాడు. సంఘం సైటులో పాత ప్రతి తుడిచాడు. తన రాతల్లో చెప్పిన వరసలోనే అన్నీ చేశాడు. ఇక మిగిలింది ఆ ఫైలు ఒక్కటే. దాన్ని కూడా తీసెయ్యమన్నది తండ్రి మాట. తండ్రి మాట ఎప్పుడూ దాటినవాడు కాదు. మీట మీద వేలు పెట్టాడు, నొక్కకుండానే వెనక్కి తీశాడు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

దీపాలు పెట్టే వేళకు నర్సింహులు చేతులు కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"చెరిపినవా?"

"కాక పేజీలకెల్లి తీసిన. నా తాన ఉంది నాయినా."

"యాడ గూడ ఉండొద్దంటిగద."

"నువ్వు అంటే గిది గూడ తీసేస్త. తీస్తే ఇంకేం లేదు మల్ల. అమ్మది ఒక్క మాట గూడ లేదు."

నర్సింహులు చాలాసేపు తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. ఆరిపోయిన చేతులే.

"సదువు," అన్నాడు.

ప్రేమ్ చదివాడు. ఎత్తుపల్లాలు లేకుండా, పరీక్షకు చదివినట్టు చదివాడు. నర్సింహులు గోడ వైపు చూస్తూ విన్నాడు. శాలువ దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపాడు.

"గట్ల అన్లే."

"నేను ఇన్నది ఇన్నట్టు కొట్టిన నాయినా."

"నీకేం దెల్సు? తిట్టింది నన్ను. శాలువతోని కూర వండుదునా అని ఊకోలే. శాలువ నూరి కారం బెట్టి పెడ్త, తింటవా అన్నది. సర్ది రాయి."

ప్రేమ్ సర్ది రాశాడు.

"ఫ్యాను సంగతి గూడ సగమే ఉంది. ఊరందరికి గాలి పంచి ఇంటికి చెమట దెస్తడు అన్నది. పెండ్లికొచ్చినోళ్ళ ముందట అన్నది. కొట్టినవా?"

"కొట్టిన."

"మొగడు వైండింగు జేస్తడు గని, మనింట్ల తిరిగేది ఆయన నోరొక్కటే. గిది రోజూ అంటుండె."

అన్నం మాడిన వాసన వచ్చింది. ప్రేమ్ లేచి పోయి పొయ్యి ఆర్పి వచ్చాడు. వచ్చేసరికి నర్సింహులు పెదవులు కదుపుతూ లోలోపల ఏదో వెతుక్కుంటున్నాడు. తాను సాధించినవి గడగడా చెప్పే మనిషి, భార్య తనను అన్న మాటలు ఒక్కొక్కటే తవ్వి తీశాడు. ఏ ఒక్కటీ తనకు అనుకూలంగా మార్చలేదు. ఏడవలేదు. కొడుకూ ఏడవలేదు. ఒకరు చెప్పడం, ఒకరు కొట్టడం.

ఇంక గుర్తు రాక ఆగినప్పుడు నర్సింహులు అడిగాడు.

"ఏం జేస్తవ్ దీన్ని?"

"నా రాతలల్ల పెడ్త అనుకుంటున్న. తెలుగు నమూనా పాఠం కావాలని శానామంది అడుగుతున్నరు. తీస్కపోయి వాళ్ళు కట్టే సైట్లల్ల నింపుకోని అక్షరాలు సరిగ వస్తున్నయా లేదా సూస్కుంటరు."

"సూసినంక?"

"చెరిపేస్తరు. పనైనంక చెరిపెయ్యాలె."

"చెరిపినంక ఇంకోడు తీస్కపోతడా?"

"పోతడు."

నర్సింహులు తల ఊపాడు. తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"పెట్టు. ఆమె పేరు రాయి పైన. జములమ్మ అని." లేచి వంటింటి వైపు రెండడుగులు వేసి, గడపలో నిలబడి తిరిగి చూశాడు. "కింద సిన్నగ ఇంకోటి రాయి. శాలువ గప్పింది నిజమే అని."

ప్రేమ్ ఆ ముక్క కూడా కొట్టి, పాఠాన్ని తన రాతల్లో అందరికీ కనిపించేలా పెట్టాడు. తర్వాత లోపలికి పోయి మాడని అన్నం పైపైన తీసి రెండు పళ్ళేల్లో పెట్టాడు.