చేతికివ్వని చాకు

నాలాగే పాత అమెరికన్ వేటకత్తులు సేకరించే మల్లేశంతో నాకు మూడు నెలలుగా మాటల్లేవు. జుమ్మేరాత్ బజారులో నేను బేరమాడుతుండగానే ఒక బటన్ చాకును అతను కొనేసుకున్నాడు.

ఈ రోజు మాదాపూర్‌లో మా ఆఫీసు ఎదుటి ఇరానీ హోటల్‌కి రమ్మని ఫోన్ చేశాడు. వెళ్లాను. జేబులోంచి అదే చాకు తీశాడు. జింకకొమ్ము పిడి, బటన్ నొక్కితే దానంతటదే తెరుచుకునే బ్లేడు. ఆశగా చెయ్యి చాపాను. అతను మాత్రం చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి నా వైపు జరిపాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“చేతికివ్వడానికి కూడా మనసొప్పలేదా అండీ?”

“గట్లంటవేందన్నా! కత్తి చేతికిస్తె లడాయైతదంటది మా అమ్మ. ఉన్న లడాయి సాలదా?”

“మడిచే ఉంది కదండీ.”

“మడిస్తె మాత్రం కత్తి గాకుండ పోతదా? తీస్కో, నీకే తెచ్చిన.”

మా ఇంట్లో ఉప్పు చేతికివ్వరు. కత్తికీ అదే పద్ధతని నాకు తట్టనేలేదు.

చాకు ఇప్పుడు నా ముందుంది. ఇంకా బటన్ నొక్కలేదు. నేనే ముందు కొనుంటే, దీన్ని అతని ముందు బల్ల మీదైనా పెట్టేవాడినా? నిజం చెప్పండి, మీరైతే పెట్టేవారా?