ఎండకు ఆగే మదర్‌బోర్డు

మే నెల మధ్యాహ్నం. కోర్పనా దగ్గరి సున్నపురాయి క్వారీ ఆకారం సగం తెర మీదికి వచ్చింది. మిగతా సగం రాకముందే కంప్యూటర్ ఆగిపోయింది. కరెంటు పోలేదు. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, కూలర్‌లో నీళ్లు చప్పుడు చేస్తూనే ఉన్నాయి. కంప్యూటర్ డబ్బాలోంచి మాత్రం కాలిన వాసన సన్నగా వచ్చింది. ఆ వాసన నాకు కొత్త కాదు. కిందటి ఎండాకాలం, అంతకు ముందటి ఎండాకాలం కూడా ఇదే వాసన. అందుకే కంగారు కూడా కలగలేదు. స్విచ్ ఆపేసి, కుర్చీలో వెనక్కి వాలి కాసేపు కళ్లు మూసుకున్నాను.

నా పని ఇది: క్వారీల మీద డ్రోన్ ఎగరేసి వందల కొద్దీ ఫొటోలు తీసి నాకు పంపుతారు. వాటిని ఒకదానితో ఒకటి కలిపి, గుంత ఎంత లోతుంది, తవ్వి పోసిన రాయి ఎంతుంది తెలిసేలా ఆ క్వారీ ఆకారాన్ని తెర మీద నిలబెట్టాలి. ఫొటోలు ఎక్కించి పని మొదలుపెట్టడం వరకే నా వంతు. తర్వాత గంటల తరబడి లెక్కలు కట్టేది కంప్యూటరే. అంతసేపూ దానిలోని ప్రాసెసర్‌కు క్షణం తెరిపి ఉండదు.

ఆ ప్రాసెసర్‌ను, చేసినవాళ్లు పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపించడం మా ఆయన సరదా. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని ఆయనే నాకు చెప్పాడు. వేగం పెరిగితే కరెంటు ఎక్కువ కావాలి. ఆ కరెంటును సర్ది ప్రాసెసర్‌కు అందించే భాగం మదర్‌బోర్డు మీద ఉంటుంది. మా ఇంట్లో ప్రతిసారీ కాలిపోయేది ఆ భాగమే.

మా ఆయన పవర్ ప్లాంటులో కంట్రోల్ రూమ్ ఉద్యోగి. ఆ వారం నైట్ షిఫ్ట్. పొద్దున్నే వచ్చి, ఇంత తిని, పడకగదిలో ఏసీ వేసుకుని సాయంత్రం దాకా పడుకుంటాడు. ఇంట్లో ఉన్న ఏసీ అదొక్కటే. కంప్యూటర్ హాల్లో ఉంటుంది. అది పూర్తి వేగంతో నడిచేటప్పుడు ఫ్యాన్ల హోరుకు పక్కన ఎవరూ నిద్రపోలేరు కాబట్టి దాని చోటు హాలే అని ఎప్పుడో నిర్ణయమైపోయింది. దాని పక్కన నేను, నా పక్కన నీళ్ల కూలర్.

సాయంత్రం ఆయన టీ గ్లాసుతో హాల్లోకి వచ్చి నా ముఖం చూశాడు.

"మల్ల పోయిందా?"

"పోయింది."

"బోర్డేనా?"

"వాసన అదే."

టీ తాగడం అయ్యాక డబ్బా పక్కరేకు విప్పాడు. లోపల అంతా నల్లగా ఉంది. మా చంద్రపూర్‌లో బొగ్గు దుమ్ము తుడిచినంతసేపూ పోయి, తుడవడం ఆపగానే వస్తుంది. బట్టలు ఆరేసే తీగకు, కిటికీ ఊచలకు, ఉప్పు డబ్బా మూతకు కూడా అంటుకునే దుమ్ము అది. దానికి కూలర్ తేమ తోడై బోర్డు మీద జిగురులా పేరుకుంది. ఆయన వేలితో తీసి నాకు చూపించాడు.

"చూడు, కాటుక లెక్క అయింది."

చూశాను. ఆ వేలిని తుడుచుకోమని పాతగుడ్డ ఇచ్చాను. 

పని ఇచ్చిన సర్వే కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి జరిగింది మరాఠీలో చెప్పాను. నెమ్మదైన మనిషి. పరవాలేదు మేడమ్, వారం ఆగుతానన్నాడు. కోప్పడి ఉంటే ఆ కోపానికైనా నాలో కాస్త చురుకు పుట్టేదేమో. మంచిగా మాట్లాడేసరికి మరింత నీరసం వచ్చింది.

ఆ మర్నాటి నుంచి మదర్‌బోర్డు వెతకడం మొదలైంది. మా ప్రాసెసర్ పాతది. అది కూర్చునే సాకెట్ ఉన్న బోర్డులు ఇప్పుడు కొత్తగా చేయడం లేదు. దుకాణాల్లో మిగిలినవాటిలోంచే ఏరుకోవాలి. ఫోన్‌లో ఒక్కొక్క బోర్డు గురించీ జనం రాసినవన్నీ చదివాను. ఒకరు ఐదు నక్షత్రాలు ఇచ్చి పెట్టె అందంగా ఉందని రాశారు. ఒకరు ఒక్క నక్షత్రం ఇచ్చి, తెచ్చినవాడు గేటు దగ్గరే పడేసి పోయాడని రాశారు. బాగా తెలిసినవాళ్లు గంటసేపు పూర్తి భారం మీద నడిపి, బోర్డు ఎంత వేడెక్కిందో గీతలు గీసి చూపించారు. ఆశగా చదువుతూ పోతే చివర్లో సన్న అక్షరాలతో ఉంటుంది, గది ఉష్ణోగ్రత ఇరవై రెండు డిగ్రీలని. మా హాలు ఆ చల్లదనాన్ని డిసెంబరు తెల్లవారుజామున తప్ప ఎరగదు. మే నెల మధ్యాహ్నం, కిటికీలోంచి వడగాలి వస్తుండగా, తడి కూలర్ పక్కన పెట్టి బోర్డును పరీక్షించినవాళ్లు ఎవరూ కనబడలేదు. అలా పరీక్షించే మనిషిని నేనే కాబోలు అనుకున్నాను. ఇప్పటికి రెండు బోర్డుల మీద ఆ పరీక్ష చేశాను. ఇప్పుడు కాలింది మూడోది.

ఎండ తగ్గాక ఊళ్లో కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను. దుకాణదారు తెలుగువాడే. బల్లార్‌పూర్‌లో పేపర్ మిల్లు వైపు పెరిగాడు. నేనూ అక్కడే పెరిగాను. ఇద్దరం చదివింది మరాఠీ బడిలోనే. తెలుగు అక్షరాలు నాకు మా నాన్న బైబిలు దగ్గర కూర్చోబెట్టి నేర్పాడు. దుకాణదారుకు నేర్పినవాళ్లు లేరట, మాట మాత్రమే వచ్చు. నన్ను చూడగానే ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, గిది తీస్కపోండ్రి. మొన్ననే వచ్చింది. పోరగాండ్లందరు గిదే అడుగుతున్నరు."

బోర్డు చుట్టూ రంగురంగుల దీపాలు. కరెంటు ఇచ్చి వెలిగించి మరీ చూపించాడు. ప్రాసెసర్ పక్కన కరెంటు సర్దే భాగం మీద వేడిని లాగే లోహపు దిమ్మె ఉండాలి. ఇక్కడ మెరిసే ప్లాస్టిక్ మూత కనబడింది. వేలు పెట్టి తడిమితే దాని కింద రేకంత పలుచని అల్యూమినియం తగిలింది.

"లైట్లు నాకెందుకన్నా?"

"వద్దంటె బంద్ చేసుకోవచ్చక్కా."

"మధ్యాహ్నం పూట హాల్ల నడుస్తది. గంటలకు గంటలు ఫుల్ లోడ్ మీద. ఆగుతదా?"

"గ్యారంటీ ఉన్నది కదక్కా. పోతె మార్చిస్తరు."

"మార్చిచ్చేది కాదన్నా. పోకుండ ఉండేది కావాలె."

ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. తలుపు దగ్గర తన కూలర్ వైపు, దాని ముందు గోడకు పట్టిన నల్లటి చార వైపు చూశాడు.

"చంద్రపూర్‌ల పోకుండ ఉండేటిది ఏమున్నదక్కా?"

ఆ మాటకు నాకూ నవ్వొచ్చింది. చాలా రోజులకు నవ్వినట్టనిపించింది. లైట్ల బోర్డు వద్దని చెప్పి, నాకు కావలసినది ఎలా ఉండాలో చెప్పి వచ్చాను. దిమ్మెలు బరువుగా ఉండాలి, వాటిలోంచి గాలి పోయేలా రెక్కలు చీలి ఉండాలి, అందచందాలు అక్కర్లేదు. నాగ్‌పూర్‌లో కనుక్కుని చెబుతానన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన షిఫ్టుకు వెళ్లబోతూ ఫోన్‌లో ఏదో చూస్తున్నాడు. తను కూడా బోర్డులే వెతుకుతున్నాడని అప్పుడు తెలిసింది.

"గిది చూడు," అని ఫోన్ నా చేతికిచ్చాడు.

నల్లటి సాదా బోర్డు. ప్రాసెసర్‌కు రెండు వైపులా లావుపాటి లోహపు దిమ్మెలు, వాటికి లోతైన చీలికలు. ఎక్కడా ఒక్క దీపం లేదు. నేను దుకాణంలో చెప్పి వచ్చింది అచ్చంగా ఇలాంటి దాని గురించే. కంప్యూటర్ విషయంలో మేమిద్దరం ఒకే మాట మీద ఉండటం అదే మొదటిసారి. ఇద్దరికీ ఒకటే నచ్చిందని సంతోషించాను. ఎందుకు నచ్చిందని ఆయన్ని నేను అడగలేదు, నన్ను ఆయన అడగలేదు.

నాగ్‌పూర్‌లో ఒక దుకాణంలో అది మిగిలి ఉంది. బస్సులో పార్సిల్ వేశారు. పొద్దున షిఫ్టు నుంచి వస్తూ ఆయనే స్టాండులో తీసుకుని వచ్చాడు. ఆ రోజు పడుకోలేదు. పెయింటు బ్రష్షుతో డబ్బా లోపలంతా శుభ్రం చేశాడు. నేను మరలు దొర్లిపోకుండా స్టీలు కంచంలో వేసి పట్టుకుని నిలబడ్డాను. నిద్ర లేక ఎర్రబడిన కళ్లతో, ఊపిరి తగిలితే ఎక్కడ కదులుతుందోనన్నట్టు వంగి, ప్రాసెసర్‌ను దాని చోట్లో దించాడు. పెళ్లైన కొత్తలో నా గాజులు తీసేటప్పుడు కూడా ఆయన ఇంత మెల్లగా తీశాడు. ఆ సంగతి ఎందుకో అప్పుడు గుర్తొచ్చింది.

కంప్యూటర్ మొదటి ప్రయత్నంలోనే లేచింది. వేగం సర్దుకునే తెర వచ్చింది. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఉన్న వేగం మీదనే నడవనియ్యండి," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "గింత మంచి బోర్డు తెచ్చి ఉత్తగనే నడిపిస్తమా?"

"ఉత్తగ నడవాలెననే గింత మంచిది తెచ్చుకున్నం."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఒకే బోర్డును ఆయన ఎంత మోపినా మోస్తుందని ఎంచుకున్నాడు, నేను ఏమీ మోపకుండా ఉంటే ఏళ్ల తరబడి ఉంటుందని ఎంచుకున్నాను. బోర్డు వచ్చి డబ్బాలో కూర్చున్నాక గానీ మాకు ఆ సంగతి తెలియలేదు.

"మీ ప్లాంటుల యూనిట్‌ను గిట్లనే నడిపిస్తరా? దాని హద్దు దాటి?" అని అడిగాను. ఆ మాటలో కొంచెం పదునుంది. అలసిపోయి ఉన్నాను.

ఆయన తెర వైపు తిరిగాడు. మౌస్ మీద చెయ్యి అలాగే ఉంది.

"అక్కడ నాదేమున్నది? గ్రిడ్ కాడికెల్లి ఫోన్ వస్తది. గింత పెంచుమంటరు, పెంచుత. గింత తగ్గించుమంటరు, తగ్గిస్త. ఇన్నేండ్ల సంది గదే. నాకు పెంచబుద్ధయి పెంచేటిది గిదొక్కటే."

గొంతులో కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇన్నాళ్లూ దీన్ని మగపిల్లల ఆటబొమ్మ లాంటిదనుకున్నాను. నా పని తొందరగా కావాలని చేస్తున్నాడని కొన్నిసార్లు అనుకున్నాను. 

"మీ ఇష్టం," అని వంటింట్లోకి వెళ్లి పప్పు కడగడం మొదలుపెట్టాను. కాసేపటికి హాల్లోంచి ఫ్యాన్ల హోరు వినిపించింది. ఎప్పటిలాగే వేగం పెంచాడని తెలిసిపోయింది.

బోర్డు మాత్రం నిలబడింది. రెండు రోజులు గడిచాయి, కాలిన వాసన రాలేదు. మూడో రోజు ఆయనకు సెలవు. ఎండ బాగా ముదిరిన వేళ క్వారీ పని మళ్లీ మొదటి నుంచి నడుస్తుంటే నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తెర మూలన వేడి అంకె, వేగం అంకె పక్కపక్కన కనబడుతున్నాయి. కంట్రోల్ రూమ్‌లో మీటర్లు చూసేటప్పుడు కూడా ఇలాగే కూర్చుంటాడు కాబోలు, గడ్డం కింద పిడికిలి పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. వేడి ఒక హద్దు దాకా ఎక్కింది. ఎక్కగానే వేగం దానంతట అదే పడిపోయింది. కాస్త చల్లబడగానే పెరిగింది. మళ్లీ పడిపోయింది.

"ఏమైతున్నది?" అన్నాను.

"కాలకుండ బోర్డే ఆపుకుంటున్నది. మంచి బోర్డు కదా." ఇంకాసేపు చూశాడు. "నిరుటి బోర్డుకు గీ తెలివి లేకుండె. అది ఉరుక్కుంట ఉరుక్కుంటనే పోయింది."

"మరి పని తొందరగ అయితున్నదా?"

"లేదు. ఉరుకుడు, కూసునుడు, ఉరుకుడు, కూసునుడు. అంత ఒకటే అయితున్నది."

  ఆయన స్టూలు మీద నుంచి లేచి బాల్కనీలోకి వెళ్లి వడగాల్లో కాసేపు నిలబడ్డాడు. క్వారీ పూర్తయ్యి, ఫైలు కాంట్రాక్టర్‌కు పంపాక, తనే వచ్చి కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. వేగం తగ్గించాడు. చేసినవాళ్లు పెట్టిన అంకె దగ్గరే ఉంచాడు. నాకు సంతోషం కలగాలి కదా అనుకున్నాను. కలగలేదు. ఆయన భుజాలు కొంచెం కిందికి జారినట్టు కనబడ్డాయి.

"వానాకాలంల మల్ల పెంచుకోండ్రి. చల్లగుంటది," అన్నాను.

"చూద్దాం."

తర్వాతి పని ఎక్కించి నడిపిస్తుంటే ఆయన తల వంచి విన్నాడు.

"సప్పుడు తగ్గింది."

నేనూ విన్నాను. నిజమే. సీలింగ్ ఫ్యాన్ చప్పుడే ఎక్కువగా ఉంది.

"లోపల ఏసీల పెట్టుకో," అన్నాడు. "ఈ కూలర్ పక్కన ఉంటె మల్ల కాటుకనే అయితది."

"మీ నిద్ర?"

"బాయిలర్ సప్పుడు ఇన్నోనికి గిదొక సప్పుడా?"

మంచం జరిపి, పడకగదిలో కిటికీ వైపు బల్ల వేశాం. అప్పటి నుంచి ఆయన నైట్ షిఫ్ట్ వారాల్లో పగలంతా ఇద్దరం ఒకే గదిలో ఉంటున్నాం. పరదాలు వేసి ఉంటాయి. తెర వెలుతురు తగ్గించుకుని నేను పని చేస్తాను, ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటాడు. అప్పుడప్పుడు సగం నిద్రలో "ఎంతవరకు అయింది?" అంటాడు. ఎంతైందో చెబుతాను. విన్నాడో లేదో తెలియదు, మళ్లీ గురక మొదలవుతుంది.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. మొదటి వాన తర్వాత వచ్చిన ఫొటోల్లో క్వారీ అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. నీటి మీద ఒక ఫొటోలో ఉన్న మెరుపు ఇంకో ఫొటోలో ఉండదు. వాటిని ఎలా కలపాలో కంప్యూటర్‌కు తెలియక అక్కడ ఖాళీ వదిలేసింది. ఆ ఖాళీ అంచులను నేను చేత్తో గీసుకుంటూ పోవాలి. కళ్లు మండుతున్నాయి. వెనుక ఆయన ఒకసారి దగ్గి, దుప్పటి పైకి లాక్కున్నాడు. నేను ఏసీ కొంచెం తగ్గించి, నీటి అంచు ఎక్కడిదాకా వచ్చిందో మళ్లీ వెతుక్కున్నాను.